మహాసభ దారి మేడమెట్ల దగ్గర మొదలవుతుంది

అందరికీ నమస్కారం.

విశాఖకు రాజకీయ మహాసభలు కొత్త కాదు. సీపీఎం 21వ అఖిల భారత మహాసభ 2015 ఏప్రిల్ 14 నుంచి 19 దాకా ఇక్కడే జరిగింది. సీతారాం ఏచూరి ప్రధాన కార్యదర్శిగా ఎన్నికైంది ఈ ఊళ్లోనే. 2017 మే నెలాఖరులో తెలుగుదేశం మహానాడు కూడా ఇక్కడే, ఆంధ్ర విశ్వవిద్యాలయం మైదానంలో జరిగింది. ఇలాంటి సభకు వికలాంగులు ప్రతినిధులుగా రావాలంటే ఏమేం జరగాలన్నదే ఈ రోజు మాట్లాడుకునే విషయం. ఏ పార్టీ విధానం జోలికీ పోను.

మొదట ఒక తేడా స్పష్టం చేసుకోవాలి. మహాసభలో కూర్చునేవాళ్లంతా ప్రతినిధులు కారు. ఆహ్వానితులుంటారు, వాళ్లకు శాలువా కప్పుతారు. పరిశీలకులుంటారు, వింటారు. ప్రతినిధి వేరు. ముసాయిదా తీర్మానానికి సవరణ పెట్టేది, చర్చలో మాట్లాడేది, కమిటీ ఎన్నికలో ఓటు వేసేది ప్రతినిధే. వికలాంగుల్ని వేదిక మీదికి పిలిచి సన్మానించడం మన పార్టీలన్నిటికీ అలవాటే. వాళ్లకు ఓటు ఉందా అని మాత్రం ఎవరూ అడగరు. ఆ ప్రశ్న మనం అడగాలి.

ఇక ప్రతినిధి ఎలా అవుతారు? వామపక్షాల్లో శాఖ మహాసభ నుంచి మండలానికి, అక్కడి నుంచి జిల్లాకు, రాష్ట్రానికి, చివరికి అఖిల భారత మహాసభకు మెట్టు మెట్టుగా ఎన్నుకుంటూ వెళ్తారు. కాంగ్రెస్‌లో బ్లాకు నుంచి ప్రదేశ్ కాంగ్రెస్ ప్రతినిధి వస్తారు. ప్రదేశ్ కమిటీ సభ్యుల్లో ఎనిమిదో వంతు మంది ఏఐసీసీకి, అంటే అఖిల భారత కాంగ్రెస్ కమిటీకి ఎన్నికవుతారు. 2022 అక్టోబరులో కాంగ్రెస్ అధ్యక్ష పదవికి ఖర్గే, థరూర్ పోటీపడ్డప్పుడు ఓటు వేసింది దేశం మొత్తం మీద తొమ్మిది వేలకు పైబడ్డ ఈ ప్రతినిధులే. పార్టీ ఏదైనా పై మెట్టుకు మనిషిని పంపేది కింది మెట్టే.

వికలాంగుల పేరు జారిపోయేది కూడా అక్కడే. శాఖ సమావేశం ఎవరింట్లోనో మేడ మీద పెడతారు. రాత్రి ఏడున్నరకు మొదలై పదింటికి ముగుస్తుంది. మెట్లు నిటారుగా ఉంటాయి, పట్టుకోవడానికి రెయిలింగు ఉండదు. కాలిపర్లు వేసుకున్న సభ్యుడు, చక్రాల కుర్చీలో ఉండే సభ్యురాలు రాలేరు. అప్పుడు ఎవరో ఒకరు మంచి మనసుతోనే అంటారు: "ఆయన్ని ఇబ్బంది పెట్టడం ఎందుకు, విషయాలు మనం వెళ్లి చెబుదాంలే." అంతే. పేరు ప్రతిపాదనకు రాదు. మండలానికి వెళ్లే జాబితాలో లేని పేరు జిల్లాకు ఎలా వస్తుంది, రాష్ట్రానికి ఎలా వస్తుంది? ఏడాది తర్వాత పెద్ద హాల్లో ర్యాంపు కట్టి, దాని మీద ఎక్కడానికి ఒక్క ప్రతినిధీ లేక, "చూశారా, వాళ్లే రావడం లేదు" అంటారు. అందుకని ముందు చేయాల్సిన పని ఖర్చు లేనిది. శాఖ సమావేశాన్ని మేడ మీద నుంచి కిందికి దించండి. స్కూలు వరండా, కమ్యూనిటీ హాలు, కార్యాలయం ముందు షామియానా, ఏదైనా సరే.

సభ్యుల వైపు నుంచి కూడా పని ఉంది. సభ్యత్వం గడువులోగా రెన్యూవల్ చేయించుకుని రసీదు దగ్గర పెట్టుకోండి. చందా బకాయి ఉంటే అర్హతల కమిటీ ముందు దాన్నే చూపిస్తారు. మీ పేరు ప్రతిపాదించేదెవరు, బలపరిచేదెవరు అన్నది సమావేశానికి ముందే మాట్లాడి పెట్టుకోండి. సీపీఎంలో మహాసభకు రెండు నెలల ముందే ముసాయిదా రాజకీయ తీర్మానం విడుదల చేస్తారు. దానికి రాతపూర్వకంగా సవరణ పంపండి. సవరణ పెట్టిన మనిషిని జాలితో పంపించారని ఎవరూ అనలేరు. ఆ సవరణ పెన్షన్ల మీదే ఉండాలని లేదు. ఉక్కు కర్మాగారం మీద రాయండి, ఓడరేవు కాలుష్యం మీద రాయండి. వికలాంగుల విభాగంలో పనిచేయడం మంచిదే. దానికే పరిమితమైతే పార్టీ మిమ్మల్ని ఆ గదిలోనే ఉంచేస్తుంది. పోలియో వచ్చి ఊతకర్రలతో నడిచిన జైపాల్ రెడ్డి 1969లో కల్వకుర్తి ఎమ్మెల్యే అయ్యారు, ఆ తర్వాత కేంద్ర మంత్రి అయ్యారు. చూపులేని న్యాయవాది సాధన్ గుప్తా 1953 ఉప ఎన్నికలో కలకత్తా నుంచి లోక్‌సభకు వెళ్లారు. ఇద్దరూ మాట్లాడింది దేశం గురించి.

ఎవరూ పెద్దగా పట్టించుకోని చిక్కు మరొకటి ఉంది. చదువుకున్న వికలాంగుల్లో చాలామంది రిజర్వేషన్ మీద ప్రభుత్వోద్యోగాల్లోకి వెళ్తారు. 1995 నాటి వికలాంగుల చట్టంలో అది 3 శాతం, 2016 చట్టంలో 4 శాతం. ప్రవర్తనా నియమాల ప్రకారం ప్రభుత్వోద్యోగి పార్టీ సభ్యుడు కాకూడదు. ఫైలు చదవగలిగిన, చర్చలో నిలబడి మాట్లాడగలిగిన ఎంతోమందికి ఆ దారి అలా మూసుకుపోయింది. కాబట్టి పార్టీలు వెతకాల్సింది కాలేజీల్లో, చిన్న దుకాణాల్లో, ఆటో స్టాండుల్లో, పొదుపు సంఘాల్లో.

చట్టం ఏమంటోందో రెండు మాటల్లో చెబుతాను. భారత్ 2007లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక 29వ అధికరణం పార్టీల కార్యకలాపాల్లో, నిర్వహణలో పాల్గొనడాన్ని పేరు పెట్టి చెప్పింది. మన 2016 చట్టం 11వ సెక్షన్ మాట్లాడేది పోలింగ్ కేంద్రాల గురించి, ఎన్నికల సామగ్రి గురించి. పార్టీ మహాసభ హాలు ఆ సెక్షన్‌లో లేదు. 2023 డిసెంబరులో ఎన్నికల సంఘం పార్టీలకు మార్గదర్శకాలిస్తూ, అవమానకరమైన మాటలు వాడవద్దని, అన్ని స్థాయిల్లో వికలాంగుల్ని సభ్యులుగా, కార్యకర్తలుగా తీసుకోవాలని సూచించింది. అది సూచన మాత్రమే. కాబట్టి అన్ని స్థాయిల్లో వికలాంగుల్ని తీసుకోవాలన్న ఆ ఒక్క వాక్యం తమ నియమావళిలో రాసుకోవాల్సింది పార్టీలే.

ఇప్పుడు ఎన్నికైన తర్వాతి సంగతి. ప్రతినిధి ఫారంలో వయసు, చదువు, చేరిన సంవత్సరం అడుగుతారు. దాని కింద మరో గడి పెట్టండి: మీకు ఏ ఏర్పాటు కావాలి? "వైకల్యం ఎంత శాతం" అని అడగకండి, అది వైకల్య ధ్రువపత్రం ఇచ్చే సదరం క్యాంపులో అడిగే ప్రశ్న. ఫారం కనీసం మూడు వారాల ముందు తిరిగి రావాలి. లేకపోతే సైగల భాష అనువాదకులు దొరకరు.

సహాయకుడి సంగతి ఫారంలోనే తేలాలి. ప్రతినిధుల సభ బయటివాళ్లకు మూసిన సభ. గేటు దగ్గర వాలంటీరు కార్డు చూసి ప్రతినిధిని లోపలికి పంపి, ఆయన్ని కుర్చీలోంచి ఎత్తి కూర్చోబెట్టే మనిషిని బయట ఆపేస్తాడు. ఆ వాలంటీరు తప్పు లేదు, అతనికి చెప్పినవాళ్లు లేరు. సహాయకులకు వేరే రంగు కార్డు ఇవ్వండి. ఓటు ఉండదు, చర్చలో మాట ఉండదు, పక్కన కూర్చునే హక్కు ఉంటుంది. జిల్లాకు కేటాయించిన ప్రతినిధుల సంఖ్యలో ఆ కార్డును లెక్కపెట్టకూడదు. లెక్కపెట్టారంటే వచ్చేసారి ఆ జిల్లా వికలాంగుణ్ని పంపదు.

రైలు. విశాఖ స్టేషన్‌లో కోరమాండల్ లాంటి రైళ్లకు ఇంజన్ ఒక కొస నుంచి మరో కొసకు మారుతుంది. దివ్యాంగుల పెట్టె సాధారణంగా రైలుకు ఒక చివర ఉంటుంది. "ఇంజన్ పక్క పెట్టెలో ఉన్నాను" అని ప్రతినిధి ఫోన్ చేస్తే, వీల్‌చైర్ పట్టుకున్న వాలంటీరు కొత్తగా తగిలించిన ఇంజన్ దగ్గరికి పరిగెత్తుతాడు. మనిషి అవతలి కొసన ఉంటాడు. ఇంజన్ గుర్తు చెప్పకుండా ప్లాట్‌ఫాం మీద వేలాడే కోచ్ బోర్డు, దగ్గర్లోని స్తంభం గుర్తు చెప్పించండి. కొన్ని రైళ్లు అసలు విశాఖ లోపలికే రావు, దువ్వాడ మీదుగా పోతాయి. ఆ ప్రతినిధులకు బండి దువ్వాడకే వెళ్లాలి.

బస. లాడ్జి వాళ్లు "లిఫ్టు ఉందండీ" అంటారు. లిఫ్టు ముందు నాలుగు మెట్లుంటాయి. బాత్రూం తలుపు 24 అంగుళాలు, మడత చక్రాల కుర్చీ వెడల్పు 26 అంగుళాలు. టేపు పెట్టి కొలిచి, ఆ టేపు కనబడేలా ఫోటో తీయించి ప్రతినిధికి పంపండి. తన కుర్చీ పడుతుందో లేదో తనే చెబుతాడు. ఆర్కే బీచ్‌లో బహిరంగ సభ పెడితే ఇసుకలో చక్రాల కుర్చీ ముందు చక్రాలు కూరుకుపోతాయి. కుర్చీల్లో వచ్చేవాళ్ల చోటు బీచ్ రోడ్డు అంచునే ఉండాలి.

హాలు దగ్గర కాస్త ఆగుదాం. వేదిక మూడడుగుల ఎత్తుంటే ర్యాంపు 36 అడుగుల పొడవుండాలి. అడుగు ఎత్తుకు పన్నెండడుగులు, ఇది తగ్గకూడదు. షామియానా వాళ్లకు "ర్యాంపు" అంటే పది అడుగుల్లో తేల్చేస్తారు. అది ర్యాంపు కాదు, జారుడుబండ. నలుగురు పట్టి తోయాల్సి వస్తుంది, దిగేటప్పుడు మనిషి ముందుకు పడతాడు. లెక్క సులువే: ప్లైవుడ్ షీటు 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. 36 అడుగులకు నాలుగున్నర షీట్లు, అంటే ఐదు తెప్పించాలి. బ్యాటరీ కుర్చీ మనిషితో కలిపి నూట యాభై కిలోలు దాటొచ్చు. కింద అడుగున్నరకో అడ్డ దుంగ లేకపోతే షీటు కుంగి, షీటుకూ షీటుకూ మధ్య ఎత్తు తేడా వస్తుంది, ముందు చక్రం అక్కడ ఆగిపోతుంది. పైన ఎర్ర తివాచీ పరచొద్దు. మేకులు ఊడి ముడత పడిందంటే కుర్చీకీ, ఊతకర్రకూ ప్రమాదమే. రెండు పక్కలా చక్రం జారిపోకుండా మూడంగుళాల అంచు కొట్టండి, పట్టుకోవడానికి కడ్డీ పెట్టండి. ముప్పై అడుగులకో సమతలం, పైకి చేరాక కుర్చీ తిరగడానికి ఐదడుగుల చదరం ఉండాలి. ఇదంతా భారం అనిపిస్తే వేదికనే తగ్గించండి. ఎత్తు ఒక అడుగు తగ్గితే ర్యాంపు పన్నెండడుగులు తగ్గుతుంది. అధ్యక్షవర్గం అడుగు ఎత్తు వేదిక మీద కూర్చుంటే సభకు వచ్చే నష్టమేమీ లేదు.

చూపులేని ప్రతినిధికి ర్యాంపుతో పని లేదు, కాగితంతో పని. మన పార్టీల తెలుగు పత్రాలు ఎక్కువగా పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కంపోజ్ అవుతాయి. కంటికి అది తెలుగే. ఫోన్‌లోని స్క్రీన్ రీడర్‌కు మాత్రం అర్థంలేని గుర్తుల వరస. పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో పంపినా అంతే, ఫోటో తీసి పంపితే అదీ ఉండదు. డీటీపీ చేసేవాళ్లనే యూనికోడ్‌లోకి మార్చి వర్డ్ ఫైలుగా ఇమ్మనండి. మార్చాక ఒత్తులు, సున్నాలు అక్కడక్కడ చెడతాయి కాబట్టి ఒకరు కూర్చుని సరిచూడాలి. సభలో అప్పటికప్పుడు పంచే సవరణల కాగితం కూడా అదే క్షణంలో ఆ ఫోనుకు చేరాలి. మర్నాడు చేరితే ఓటింగు అయిపోయి ఉంటుంది.

బధిరులకు సైగల భాష అనువాదకులు ఒక్కరు చాలరు. ఇరవై నిమిషాలకు చేయీ మెదడూ అలసిపోతాయి. ఇద్దరు మార్చుకుంటూ చేయాలి, రోజంతా సభైతే ఇంకా ఎక్కువమంది కావాలి. తీర్మానం ప్రతిని వారం ముందే అనువాదకులకివ్వండి. తెర మీద ఏదైనా చూపించడానికి లైట్లు ఆర్పితే వాళ్ల చేతులు కనబడవు, వాళ్ల మీద ఒక దీపం వెలుగుతూ ఉండాలి. వెన్నెముక దెబ్బతిన్నవాళ్లలో కొందరికి చెమట పట్టదు. మే నెల విశాఖ ఉక్కలో వాళ్లను షామియానా కింద గంటల తరబడి కూర్చోబెట్టకండి. మాట నిదానంగా వచ్చే ప్రతినిధికి ఐదు నిమిషాలకే గంట కొట్టకండి. రెట్టింపు సమయం ముందే రాసి పెట్టండి.

ఇక ఓటు. "అనుకూలురు కార్డులెత్తండి" అంటారు. చేతులు లేవనివాళ్లున్నారు, లెక్క కనబడనివాళ్లున్నారు. లెక్క పెట్టేవాళ్లు వాళ్ల సీటు దగ్గరికే వచ్చి అడగాలి, వచ్చిన అంకెను మైకులో చదవాలి. రహస్య బ్యాలెట్ అయితే చూపులేనివాళ్ల కోసం పేర్లకు ఎదురుగా కన్నాలు పెట్టిన అట్టముక్క చేయించి, బ్యాలెట్ కాగితాన్ని దాని కింద పెట్టండి. పేర్ల వరస ముందు రోజే వాళ్ల ఫోనుకు పంపితే, మూడో కన్నం ఎవరిదో వాళ్లకు తెలుస్తుంది. తోడు కావాలంటే ప్రభుత్వ ఎన్నికల పద్ధతే పాటించండి: తోడు ఎవరన్నది ఓటరే చెప్పాలి, వయసు 18 నిండాలి, ఒకరు ఒక్కరికే తోడు వెళ్లాలి. జిల్లా కార్యదర్శి తనంతట తానే లేచి "నేను వేయిస్తాను" అంటే, అర్హతల కమిటీ ఆయన్ని వెనక్కి కూర్చోమనాలి.