ఉంగరం ఎవరి దగ్గర ఉంటే వాడే హంతకుడు: ‘ది టాలిస్మన్ రింగ్’ నవలా సమీక్ష

నమస్కారం. ఈ వీడియోలో మనం మాట్లాడుకోబోయే నవల ఆంగ్ల రచయిత్రి జార్జెట్ హేయర్ రాసిన ‘ది టాలిస్మన్ రింగ్’. 1936లో వెలువడిన ఈ నవలలోని కథ 1793లో, దక్షిణ ఇంగ్లండ్‌లోని ససెక్స్ ప్రాంతంలో జరుగుతుంది. చరిత్ర, ప్రేమ, హత్య, దొంగరవాణా అన్నీ ఇందులో ఉన్నాయి. అయితే ముందే ఒక మాట చెప్పాలి: హత్య ఎవరు చేశారో కనిపెట్టాలన్న ఆసక్తితో పుస్తకం తెరిచే పాఠకులకు ఇందులో పెద్దగా పని ఉండదు. హంతకుడెవరో రచయిత్రి దాచడానికి గట్టిగా ప్రయత్నించలేదు. తెలిసిన నేరాన్ని రుజువు చేయడం ఆ కాలపు ఇంగ్లండ్‌లో ఎంత కష్టమో చూపిస్తూ, ఆ కష్టంలోంచే హాస్యాన్నీ ప్రేమనూ పుట్టించడం ఈ నవల ప్రత్యేకత. హంతకుడి పేరు, ఉంగరం దొరికే చోటు మాత్రం నేను చెప్పను.

కథ ఇలా మొదలవుతుంది. లావెన్‌హామ్ వంశపు ముసలి ప్రభువు సిల్వెస్టర్ మంచం పట్టి ఉన్నాడు. ఆయన మనుమడు, వారసుడు అయిన లుడోవిక్ హత్యానేరం మీద పడి దేశం విడిచి పారిపోయాడు. వంశపారంపర్యంగా వస్తున్న ఉంగరాన్ని లుడోవిక్ పేకాటలో ఒడ్డాడు; అది చేజిక్కించుకున్న మనిషి తిరిగి ఇవ్వనన్నాడు; కొద్దికాలానికే ఆ మనిషి తుపాకీ దెబ్బకు చనిపోయాడు; ఉంగరం కనిపించకుండా పోయింది. కాబట్టి ఉంగరం ఎవరి దగ్గర ఉంటే వాడే హంతకుడు. ఈలోగా ముసలాయన, ఫ్రెంచి విప్లవం నుంచి తప్పించి తెచ్చుకున్న తన కూతురి కూతురు యుస్టసీని, బంధువైన సర్ ట్రిస్ట్రమ్ షీల్డ్‌కు ఇచ్చి పెళ్లి చేయాలని పట్టుబడతాడు.

ఈ ఇద్దరి మొదటి సంభాషణ కోసమైనా పుస్తకం చదవవచ్చు. పద్దెనిమిదేళ్ల యుస్టసీ తాను పారిస్‌లోనే ఉండిపోయి ఉంటే ఏమయ్యేదో ఎంతో ఇష్టంగా ఊహించుకుంటుంది. తల నరికే యంత్రమైన గిలెటిన్ దగ్గరకు ఖైదీలను తీసుకుపోయే బండిలో, తెల్లని దుస్తులు వేసుకుని, చిన్న వయసులో, ఒంటరిగా తాను నిలబడి వెళుతుంటే చూసినవాళ్లందరూ కంటతడి పెట్టేవారట. మీకూ బాధ కలిగేది కదా అని ట్రిస్ట్రమ్‌ను అడుగుతుంది. ఆ బండిలో ఎవరున్నా, వాళ్ల వయసు ఎంతైనా, ఆడైనా మగైనా, ఏ బట్టలు వేసుకున్నా, తనకు బాధగానే ఉంటుందని ఆయన నెమ్మదిగా జవాబిస్తాడు. న్యాయంగా ఆలోచిస్తే అంతకంటే మానవత్వం ఉన్న సమాధానం లేదు. కానీ ఆ క్షణంలోనే యుస్టసీ ఈ మనిషితో కాపురం చేయలేనని నిశ్చయించుకుంటుంది. రెండు మనస్తత్వాలు ఎందుకు కలవవో చెప్పడానికి ఇంకో రచయిత ఒక అధ్యాయం తీసుకునేచోట హేయర్‌కు నాలుగైదు మాటలు సరిపోయాయి.

ఆ తరువాత యుస్టసీ ఇంట్లోంచి రాత్రివేళ గుర్రమెక్కి పారిపోతుంది, దారిలో దొంగరవాణాదారుల చేతికి చిక్కుతుంది, వాళ్ల నాయకుడు తన బంధువు లుడోవిక్కేనని తెలుసుకుంటుంది. మన లెక్కలో అతను ఆమెకు మేనమామ కొడుకు, అంటే వరసైన బావ. ఇక ఆ జంట సంగతి తెలుగు పాఠకులకు విడమరచి చెప్పనక్కరలేదు. ఎక్సైజ్ అధికారుల తూటా తగిలిన లుడోవిక్‌ను రెడ్ లయన్ అనే సత్రంలో దాచిపెడతారు. అక్కడే తన అన్న సర్ హ్యూతో కలిసి బస చేసిన సారా థేన్ కథలోకి వస్తుంది. నా దృష్టిలో ఈ నవలకు అసలైన కథానాయిక ఈమే. యుస్టసీ ఊహలు విని ట్రిస్ట్రమ్ నిట్టూరిస్తే, సారా ఆ ఊహలకు మరికొంత రంగు అద్ది, ఎదురుగా ఉన్న ట్రిస్ట్రమ్ ముఖం ఎలా మారుతుందో చూస్తూ ఆనందిస్తుంది. పైకి అల్లరి, లోపల గట్టి లోకజ్ఞానం ఉన్న మనిషి. పెళ్లీడు దాటిపోయిందని లోకం అనుకునే ఈ స్త్రీకీ, ప్రేమ మీద నమ్మకం లేదని తనకు తాను చెప్పుకునే ఆ పురుషుడికీ మధ్య అనురాగం ఎక్కడా ప్రకటన లేకుండా, వాదనల మధ్య పెరుగుతుంది. యువజంట ప్రేమ చూసి నవ్వుకుంటాం; వీళ్లిద్దరిదే గుర్తుంటుంది.

ఇక రహస్యం సంగతి. నిరపరాధి అయిన లుడోవిక్ కోర్టుకు వెళ్లి నిజం చెప్పుకోవచ్చు కదా అని నేటి పాఠకుడికి సందేహం వస్తుంది. ఆనాటి ఇంగ్లండ్‌లో ఘోరనేరం ఆరోపణ ఎదుర్కొంటున్నవాడి తరఫున న్యాయవాది జ్యూరీని ఉద్దేశించి వాదించడానికి వీలుండేది కాదు. ఆ హక్కు 1836లో వచ్చింది. నిందితుడు తన కేసులో తానే ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పుకునే హక్కు 1898 దాకా రాలేదు. లండన్‌లో మెట్రోపాలిటన్ పోలీసు దళం ఏర్పడింది 1829లో; అంతకుముందు ఉన్నదల్లా పల్లెల్లో కానిస్టేబుళ్లు, జీతం లేని మేజిస్ట్రేట్లు, లండన్‌లో 1749లో హెన్రీ ఫీల్డింగ్ నెలకొల్పిన బో స్ట్రీట్ రన్నర్లు అనే, నేరస్థులను పట్టుకునే చిన్న దళం. ఇలాంటి వ్యవస్థలో, ఉంగరాన్ని అసలు హంతకుడి దగ్గర చేతికందేలా పట్టుకుంటే తప్ప లుడోవిక్‌కు ఉరికంబం తప్పదు. హేయర్ ఈ చట్టాల గురించి ఉపన్యాసం ఇవ్వదు. ఆ భయం మాత్రం ప్రతి దృశ్యంలోనూ పాత్రల వెనుక నిలబడి ఉంటుంది.

ఆ వ్యవస్థ మీద హేయర్ వేసిన అత్యంత చక్కని చురక సర్ హ్యూ పాత్ర. ఆయన స్వయంగా మేజిస్ట్రేట్. జలుబు చేసిందన్న సాకుతో సత్రం వదలడు. అసలు కారణం అక్కడ దొరికే పన్ను కట్టని ఫ్రెంచి బ్రాందీ. ఆ సరుకు కోసం సోదాకు వచ్చిన అధికారులు తన నిద్రకూ సుఖానికీ అడ్డం వచ్చారన్నదే ఆయన ఫిర్యాదు. ఇది అతిశయోక్తి అనిపించవచ్చు గానీ, ఆనాడు దొంగరవాణా సరుకు కొనడం పెద్దమనుషులకు తప్పుగా తోచేది కాదు. 1784లో టీ మీద సుంకాన్ని 119 శాతం నుంచి 12.5 శాతానికి తగ్గించేవరకు అక్రమంగా వచ్చిన టీ ఇంగ్లండ్ అంతటా పారింది. అంతకుముందు ఇంకో సరుకు మన తీరం నుంచే వెళ్లేది. మచిలీపట్నం పరిసరాల్లో తయారైన అద్దకపు బట్టల వంటివి ఇంగ్లండ్‌లో ధరించకూడదని 1721లో తెచ్చిన నిషేధం 1774 వరకు అమల్లో ఉంది. ఆ కాలమంతా అలాంటి బట్టలు దొంగదారిన వెళుతూనే ఉన్నాయి. ఈ నవలలో ఆ ప్రస్తావన లేదు, అయినా ససెక్స్ తీరం గురించి చదువుతుంటే తెలుగువాడికి ఆ సంగతి గుర్తుకు రాక మానదు.

నాకు నచ్చని విషయం కూడా ఇక్కడే ఉంది. హేయర్ చిత్రించిన దొంగరవాణాదారులు మంచి మనసున్న మోటు మనుషులు, ప్రభువుగారి మనుమడికి విధేయులు, హాస్యానికి పనికొచ్చేవాళ్లు. అదే ససెక్స్‌లో 1748లో ఇలాంటి ముఠావాళ్లు విలియం గ్యాలీ అనే కస్టమ్స్ ఉద్యోగినీ, డేనియల్ చేటర్ అనే సాక్షినీ చిత్రహింసలు పెట్టి చంపారు. ఆ కేసు 1749 జనవరిలో చిచెస్టర్‌లో విచారణకు వచ్చింది. కథాకాలానికి ఆ హత్యలు జరిగి నలభై ఏళ్లు దాటిన మాట నిజమే. అయినా చట్టం పట్ల అంత నిజాయితీ చూపిన రచయిత్రి, చట్టాన్ని ఉల్లంఘించినవాళ్ల హింస దగ్గరికి వచ్చేసరికి తెర దించేసింది. పేదవాళ్లకు ఈ నవలలో సొంత జీవితం లేదు. మనకు వారపత్రికల సీరియళ్ల కాలం నుంచి అలవాటైన జమీందారీ బంగళా కథల్లో వంటవాడికీ డ్రైవరుకూ ఎంత చోటు ఉండేదో ఇక్కడ సత్రం యజమానికీ అంతే.

హేయర్ తన మొదటి నవల ‘ది బ్లాక్ మాత్’ను అనారోగ్యంతో ఉన్న తమ్ముడి కాలక్షేపం కోసం పదిహేడేళ్ల వయసులో అల్లింది, అది 1921లో అచ్చయింది. చారిత్రక నవలలతో పాటు సమకాలీన డిటెక్టివ్ నవలలూ రాసింది. వాటిలో కొన్నింటికి న్యాయవాది అయిన భర్త రోనల్డ్ రూజియే కథాసూత్రం అందించేవాడు. నేరపరిశోధనకు కావలసిన తర్కం, చారిత్రక నవలకు కావలసిన వివరాలు రెండూ ఒకే చేతిలో ఉండటం వల్లే ‘ది టాలిస్మన్ రింగ్’ ఇంత సాఫీగా నడిచింది. ఇది నచ్చినవాళ్లు తరువాత ‘ది టోల్‌గేట్’ చదవవచ్చు. 1954లో వచ్చిన ఆ నవలలో రహస్యం ఇంకా చిక్కగా ఉంటుంది, కాని దొంగల యాస అడుగడుగునా అడ్డుపడుతుంది. ఆంగ్ల నవలలు అలవాటు లేనివాళ్లు దానితో మొదలుపెట్టవద్దని నా సలహా. ‘ది టాలిస్మన్ రింగ్’లో ఆ ఇబ్బంది తక్కువ. పాత్రల బంధుత్వాలు కుదురుకునే మొదటి అధ్యాయం వరకు కాస్త ఓపిక పట్టండి; యుస్టసీ గుర్రమెక్కిన తరువాత కథ మిమ్మల్ని అడగకుండానే లాక్కుపోతుంది.