అడ్వాన్స్ 40 వేలు

శ్రోతలకు నమస్కారం.

చెన్నై ప్యారిస్ కార్నర్ వైపు తెల్లవారుజామున నాలుగున్నరకు వెళ్ళినవాళ్ళు చూసే ఉంటారు. షట్టర్లు దించిన కొట్ల ముందు, రోడ్డు పక్క ప్లాట్‌ఫారం మీద, వరసగా దుప్పట్లు కప్పుకుని పడుకున్న మనుషులు. వాళ్ళంతా ఏదో ఊరినుంచి రైలు దిగి, ఆ రాత్రికి నడుం వాల్చినవాళ్ళని నేను చాలాకాలం అనుకున్నాను. కాదు. అక్కడ చాలామంది ఆ ప్లాట్‌ఫారం మీదే పుట్టారు.

వాళ్ళలో ఒక పూలక్క నాకు తెలుసు. పేరు చెప్పను. నెల్లూరు జిల్లా యాస, మధ్యమధ్య తమిళం. వాళ్ళమ్మ కావలి నుంచి వచ్చి కొత్తవాల్ చావడి కూరగాయల మార్కెట్లో మూటలు మోసేదట. 1996లో ఆ మార్కెట్ కోయంబేడుకు వెళ్ళిపోయింది. మార్కెట్ వెళ్ళింది కానీ వీళ్ళు వెళ్ళలేదు. అక్క పూలు కట్టడం నేర్చుకుంది.

ఆమె రోజు ఎలా గడుస్తుందో చెబుతాను. నాలుగింటికల్లా పూల బజారుకు వెళ్ళాలి. కొట్టు తెరిచేలోగా దుప్పట్లు, స్టవ్వు, గిన్నెలు, పిల్లల పుస్తకాలు గోనెసంచుల్లో కట్టి ఒక మూలకు చేర్చాలి. బాత్‌రూముకు వెళ్ళాలన్నా డబ్బులివ్వాలి. పొద్దున కార్పొరేషన్ నడిపే చవక క్యాంటీన్ అమ్మ ఉణవగంలో ఒక్కొక్కటి రూపాయికి దొరికే ఇడ్లీ. పగలంతా మూరలు కొలిచి అమ్మడం. రాత్రి తొమ్మిదింటికి షట్టర్ దిగితే మళ్ళీ సంచులు విప్పడం. షట్టర్ దిగితేనే వాళ్ళకు ఇల్లు. వాన పడితే అదీ లేదు.

ఒకరోజు అడిగాను, "అక్కా, రాత్రి భయం వెయ్యదా?" అని. "కూతురు పెద్దమనిషయినకాడి నుంచి నేను నిండా నిద్రపోలేదమ్మా. నేనూ పక్కామా వంతులేసుకుని మేలుకుంటాం" అంది. ఆ మాట విన్న రాత్రి మా ఇంటి తలుపుకు గడియ వేస్తుంటే నా చెయ్యి ఆగిపోయింది.

షెల్టర్లు లేవా అంటే, ఉన్నాయి. నగరాల్లో ప్రతి లక్ష జనాభాకు 100 మంది పట్టే షెల్టర్ ఒకటి, పగలూ రాత్రీ, ఏడాది పొడుగునా తెరిచి ఉండాలని సుప్రీంకోర్టు 2010లో చెప్పింది. చెన్నై కార్పొరేషన్ ఆడవాళ్ళకు, మగవాళ్ళకు, పిల్లలకు విడివిడిగా షెల్టర్లు నడుపుతోంది. కొన్ని ప్రభుత్వాసుపత్రుల్లో రోగుల వెంట వచ్చినవాళ్ళు పడుకోవడానికీ చోటు ఉంది. ఒంటరి మనిషికి అవి నిజంగా ఆసరా. కానీ అక్క ఒక వానాకాలం పిల్లలతో ఒక షెల్టర్‌కు వెళితే, కొడుక్కి పదిహేనేళ్ళు, వాణ్ణి మగవాళ్ళ షెల్టర్‌కు పంపమన్నారు. ఆ రాత్రే ముగ్గురూ తిరిగి ప్లాట్‌ఫారం మీదికి వచ్చేశారు. ఆమెది తప్పని నేననను. ఇల్లు లేకపోయినా ఆమెకు సంసారం ఉంది.

పెరుంబాక్కంలో ప్రభుత్వం కట్టిన ఇళ్ళున్నాయి కదా అని ఎవరైనా అనొచ్చు. పాతిక కిలోమీటర్లకు పైనే దూరం. నాలుగింటికి పూల బజారులో ఉండాల్సిన మనిషి అక్కణ్ణుంచి ఎలా వస్తుంది?

మరి దగ్గర్లోనే ఒక చిన్న గది? అదే అడిగాను. "నెలకు నాలుగు వేలు నేను కట్టగలనమ్మా. అడ్వాన్స్ పది నెలలంటారు. నలభై వేలు ఒక్కసారిగా నాకెవరిస్తారు?" అంది.

ఈ మాట మళ్ళీ చెబుతాను. నెలకు 4,000 ఆమె కట్టగలదు. ఒక్కసారిగా 40,000 తేవడమే ఆమె వల్ల కాదు. 2011 జనాభా లెక్కల్లో దేశంలో ఇల్లు లేనివాళ్ళు 17 లక్షలకు పైగా తేలారు. వాళ్ళలో ఇలా రోజూ కష్టపడి సంపాదించుకుంటూ, అడ్వాన్స్ దగ్గరే ఆగిపోయినవాళ్ళు ఎంతమందో అని నాకు దిగులు వేస్తుంది.

పది నెలల అడ్వాన్స్ మన చెన్నై అలవాటు. తమిళనాడు అద్దె చట్టం 2019 నుంచి అమల్లో ఉంది. వేరే ఒప్పందం ఉంటే తప్ప మూడు నెలల అద్దెకు మించి అడ్వాన్స్ తీసుకోకూడదని అందులో ఉంది. కానీ అవసరం ఉన్నవాళ్ళు దేనికైనా ఒప్పుకుంటారు కదా.

అక్క కథలో మంచి మలుపు కూడా ఉంది. ప్యారిస్‌కు దగ్గర్లోనే ఉన్న సెవెన్ వెల్స్ ప్రాంతంలో ఒక పెద్దావిడ ఆమెకు గది ఇచ్చింది. రెండు నెలల అడ్వాన్స్ తీసుకుని, మరో 8,000 నెలకు 500 చొప్పున అద్దెతో పాటు ఇమ్మంది. ఏడాదిన్నర కావస్తోంది. అద్దె ఒక్క నెల కూడా ఆగలేదు. మొన్నటితో అడ్వాన్స్ బాకీ కూడా తీరిపోయింది.

అందుకే నా మనవి ఒక్కటే. మీకు అద్దెకిచ్చే గది ఉంటే, పూలమ్మే మనిషో, మూటలు మోసే మనిషో వచ్చి అడిగితే, పది నెలలని చెప్పి పంపెయ్యకండి. రెండు నెలలు తీసుకోండి, మిగతాది వాయిదాల్లో అడగండి. గది లేనివాళ్ళు, రోడ్డు పక్క ఒంటరిగా పడి ఉన్న మనిషి కనిపిస్తే, ముందు ఆ మనిషిని అడిగి, తర్వాత కార్పొరేషన్ నంబరు 1913కు ఫోన్ చేసి, దగ్గర్లోని గుర్తు చెప్పండి.

గదిలో మొదటి రాత్రి ఎలా గడిచిందని అక్కను అడిగాను. కూతురు గడియ వేసి, సరిగ్గా పడిందో లేదోనని మూడుసార్లు లేచి చూసుకుందట. అక్క మాత్రం పూల బజారుకు ఆలస్యంగా వెళ్ళిందట. తెల్లారేదాకా మెలకువే రాలేదట.

నమస్కారం.