గీసి చూపించలేని బాణం

అందరికీ నమస్కారం.

అమీర్‌పేటలో క్లాసులు చెప్పేవాళ్లు, కంపెనీల్లో కొత్తగా చేరిన పిల్లలకు ట్రైనింగ్ ఇచ్చేవాళ్లు, వాళ్ల కోసం మెటీరియల్ తయారుచేసేవాళ్లు ఇంతమంది ఒకచోట కూర్చోవడం అరుదు. అందుకని నేరుగా విషయానికి వస్తాను. ఈమధ్య మన స్లైడ్లలోకి, పీడీఎఫ్‌లలోకి ఏఐతో గీయించిన డయాగ్రమ్‌లు విపరీతంగా వచ్చి చేరుతున్నాయి. వాటిలో తప్పులు చాలా ఉంటున్నాయి. ఆ తప్పు పట్టుకోగలిగినవాళ్లకు ఆ డయాగ్రమ్‌తో పనే లేదు. పనున్నవాళ్లేమో తప్పు పట్టుకోలేరు. నా బాధంతా అక్కడే.

ఒక బొమ్మ గురించి కాస్త వివరంగా చెప్తాను. జావా అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్న ఒక అమ్మాయి తన దగ్గరున్న పీడీఎఫ్‌లో చూపించింది. ఎక్సెప్షన్ హైరార్కీ, అంటే ప్రోగ్రామ్ నడుస్తుండగా వచ్చే సమస్యల వంశవృక్షం. పైన త్రోయబుల్ అనే బాక్సు. దాని కింద ఎడమవైపు ఎర్రర్, కుడివైపు ఎక్సెప్షన్. ఇంతవరకు బాగానే ఉంది. చక్కటి రంగులు, బాక్సుల వెనక సన్నటి నీడ, చూడటానికి ముచ్చటగా ఉంది. కానీ రన్‌టైమ్ ఎక్సెప్షన్ బాక్సును తెచ్చి ఎర్రర్ కింద పెట్టారు. అది ఉండాల్సింది ఎక్సెప్షన్ కింద. ఐఓ ఎక్సెప్షన్ రెండుసార్లు ఉంది, అందులో ఒకదానికి ఏ గీతా తగల్లేదు. కింద మూలన ‘ఎక్సెపిటన్’ అని ఒక బాక్సు.

ఆ అమ్మాయి ‘ఎక్సెపిటన్’ను వెంటనే గుర్తుపట్టింది. “సార్, ఇక్కడ స్పెల్లింగ్ తప్పు పడింది” అని పెన్నుతో దిద్దుకుంది కూడా. రన్‌టైమ్ ఎక్సెప్షన్‌ను మాత్రం ఎర్రర్ కిందే పెట్టి బట్టీ కొట్టింది.

దీనివల్ల ఏమవుతుందో చూడండి. ఎర్రర్ అంటే మెమరీ అయిపోవడం లాంటిది, మామూలుగా మన ప్రోగ్రామ్ దాన్ని క్యాచ్ చేయక్కర్లేదు, అంటే పట్టుకుని సర్దుకోనక్కర్లేదు అని మనమే క్లాసులో చెప్తాం. ఇప్పుడు ఒక ఫారంలో వయసు అడిగిన చోట ఎవరో అంకె వేయకుండా ‘ఇరవై’ అని అక్షరాల్లో టైప్ చేశారనుకోండి. దాన్ని అంకెగా మార్చబోతే నంబర్ ఫార్మాట్ ఎక్సెప్షన్ వస్తుంది. అది రన్‌టైమ్ ఎక్సెప్షన్ వంశంలోదే. ఆ బొమ్మ ప్రకారం చూస్తే అది ఎర్రర్ల కుటుంబం, కాబట్టి వదిలేయొచ్చు. ప్రోగ్రామ్ అక్కడే ఆగిపోతుంది. ఆ అమ్మాయి ఆలోచించిన తీరులో లోపం లేదు. మనం చెప్పిన మాటను, మనం ఇచ్చిన బొమ్మను కలిపి పద్ధతిగానే ఆలోచించింది. అయినా ఇంటర్వ్యూలో అవతల కూర్చున్నవాళ్లు “బేసిక్స్ కూడా రావు” అని రాసి పంపించేస్తారు. నింద పడేది ఆ పిల్ల మీద.

అక్షరం తప్పు పెద్ద ప్రమాదం కాదు. సిటీ బస్సు బోర్డు మీద దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక అక్షరం అటూఇటూ పడినా ఎక్కుతాం, ఇల్లు చేరుతాం. బోర్డు మీద దిల్‌సుఖ్‌నగర్ అని పొందిగ్గా రాసి, బస్సు పటాన్‌చెరు వెళ్తే అప్పుడు కష్టం. డయాగ్రమ్‌లో బాణం తప్పితే జరిగేది అదే. ఇంకో సంగతి, కొత్త ఇమేజ్ మోడల్స్ స్పెల్లింగ్ బాగా నేర్చుకున్నాయి. రెండు మూడేళ్ల క్రితం అక్షరాలు చూడగానే ఇది ఏఐ బొమ్మ అని తెలిసిపోయేది. ఇప్పుడు ఆ గుర్తు కూడా పోతోంది. అక్షరాలు సరిగ్గా ఉండి బాణాలు తప్పుగా ఉంటే మనకు అనుమానం కూడా రాదు.

కోడ్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో గుర్తుపెట్టుకునే టూల్ గిట్. ఆ గిట్ పాఠంలో దీని దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో గిట్ తెచ్చాడు. 2010లో విన్సెంట్ డ్రీసెన్ అనే ఇంజినీరు ఒక టీమ్ బ్రాంచ్‌లను, అంటే కోడ్‌లో విడివిడిగా నడిచే దారులను, ఎలా నడుపుకోవాలో చెప్తూ ఒక బొమ్మ గీశాడు. మీలో చాలామంది చూసే ఉంటారు. పక్కపక్కన నిలువు వరసలు, మాస్టర్, హాట్‌ఫిక్స్, రిలీజ్, డెవలప్, ఫీచర్. కాలం పైనుంచి కిందికి నడుస్తుంది. ఆ బొమ్మ సోర్స్ ఫైల్ కూడా ఆయన అందరికీ ఇచ్చాడు.

ఆ బొమ్మలో హాట్‌ఫిక్స్ ఒక్కటి చూద్దాం. ప్రొడక్షన్‌లో, అంటే జనం వాడుతున్న సాఫ్ట్‌వేర్‌లో, బగ్ వచ్చింది. మాస్టర్ నుంచి హాట్‌ఫిక్స్ బ్రాంచ్ తీస్తాం, సరిచేస్తాం. అక్కణ్నుంచి రెండు బాణాలు వెళ్తాయి. ఒకటి తిరిగి మాస్టర్‌లోకి. రెండోది డెవలప్‌లోకి, లేదా అప్పటికే రిలీజ్ బ్రాంచ్ తెరిచి ఉంటే దాంట్లోకి. ఆ రెండో బాణం చాలా ముఖ్యం. అది లేకపోతే ఈరోజు బగ్ పోయినట్టే ఉంటుంది. తర్వాతి రిలీజ్ డెవలప్ నుంచి వస్తుంది, అందులో మన మార్పు ఉండదు. పోయిందనుకున్న బగ్ మళ్లీ ప్రొడక్షన్‌లో తేలుతుంది. “మొన్ననే కదా సరిచేశారు?” అని మేనేజర్ అడిగితే ఎవరి దగ్గరా జవాబు ఉండదు.

ఏఐతో మళ్లీ గీయించిన గిట్ బొమ్మల్లో ముందుగా మాయమయ్యేది ఇలాంటి బాణమే. ఒక దాంట్లో హాట్‌ఫిక్స్ డెవలప్ నుంచి పుడుతుంది. ఇంకో దాంట్లో బాణం సగం దూరం వెళ్లి గాల్లో ఆగిపోతుంది. చూడటానికి మాత్రం మూల బొమ్మలాగే ఉంటుంది, అవే వరసలు, అవే రంగురంగుల చుక్కలు. గీసినవాడి పేరు ఉండదు. 2020లో డ్రీసెన్ తన పాత వ్యాసం పైనే ఒక గమనిక చేర్చాడు. వెబ్ అప్లికేషన్‌లా ఎప్పటికప్పుడు రిలీజ్ చేసే టీమ్‌లు ఇంతకన్నా సులువైన పద్ధతి వాడుకోవడం మంచిదని అందులో ఉంది. పేరున్న బొమ్మకు పదేళ్ల తర్వాత కూడా ఒక బాధ్యత ఉందన్నమాట. పేరు చెరిపేసి మళ్లీ పుట్టించిన బొమ్మకు ఆ గమనిక అంటుకోదు. మన దగ్గర నేర్చుకున్న కుర్రాడు రోజుకు పదిసార్లు డిప్లాయ్ చేసే టీమ్‌లో చేరి ఐదు రకాల బ్రాంచ్‌లు కావాల్సిందేనని వాదిస్తాడు.

చాలా కంప్యూటర్లను కలిపి ఒక క్లస్టర్‌గా నడిపే కుబర్నెటిస్ బొమ్మల్లోనూ ఇదే తంతు. అందులో ఎట్‌సీడీ అనే డేటాబేస్‌తో నేరుగా మాట్లాడేది ఏపీఐ సర్వర్ ఒక్కటే. ఏఐ బొమ్మల్లో ప్రతి నోడ్ నుంచీ, అంటే క్లస్టర్‌లోని ప్రతి కంప్యూటర్ నుంచీ, ఎట్‌సీడీకి బాణాలు వెళ్తుంటాయి. క్లస్టర్ స్థితి మొత్తం దాచుకున్న చోటికి అందరికీ తలుపులు తీసి ఉన్నాయని నేర్పినట్టవుతుంది. దీని మీద ఎక్కువ చెప్పను, మీకు తెలుసు.

ఇవి ఇలా ఎందుకు వస్తాయి? ఇమేజ్ మోడల్స్‌లో ఎక్కువగా వాడే డిఫ్యూజన్ పద్ధతి చుక్కల గందరగోళంతో మొదలవుతుంది. ఆ గందరగోళాన్ని మెట్టుమెట్టుగా తగ్గిస్తూ, మనం ఇచ్చిన వర్ణనకు దగ్గరగా ఉండే బొమ్మను తేలుస్తుంది. దాని లోపల ‘ఈ బాక్సు నుంచి ఆ బాక్సుకు గీత’ అనే పట్టిక ఏదీ లేదు. డయాగ్రమ్ ఎలా కనిపిస్తుందో దానికి తెలుసు, అంతే. కొండ గీయమంటే శిఖరం కొంచెం పక్కకు జరిగినా అది కొండే. బాణం మొన అటునుంచి ఇటు మారితే అర్థం తలకిందులవుతుంది. దానికి మాత్రం ఆ రెండు మార్పులూ చుక్కల లెక్కే.

మనకే కాదు, పరిశోధన పత్రికలకూ ఈ దెబ్బ తగిలింది. 2024 ఫిబ్రవరిలో ‘ఫ్రాంటియర్స్ ఇన్ సెల్ అండ్ డెవలప్‌మెంటల్ బయాలజీ’ అనే జర్నల్‌లో ఒక పేపర్ వచ్చింది. బొమ్మలు మిడ్‌జర్నీ అనే ఏఐతో చేసినవని రచయితలే రాశారు. అందులో ఒక ఎలుక బొమ్మ, దాని అవయవాలకు ఏ భాషలోనూ లేని పేర్లు. లోకమంతా చూసి నవ్వింది, మూడు రోజుల్లో ఆ పేపర్‌ను వెనక్కి తీసుకున్నారు. ఒక రివ్యూయర్ ఆ బొమ్మల మీద అభ్యంతరం చెప్పారని, రచయితలు జవాబివ్వలేదని ఆ సంస్థే చెప్పింది. అంటే అడిగిన మనిషి ఉన్నా అది అచ్చయింది. నాకు ఇంకోటి పట్టుకుంది. అదే పేపర్‌లో కణంలో సంకేతాలు ఎలా వెళ్తాయో చూపించే బాణాల బొమ్మ కూడా ఉంది. అదీ అర్థంపర్థం లేనిదే. జనం ఎలుకను చూసినంతగా దాన్ని చూడలేదు. మనం క్లాసుల్లో పెడుతున్నవన్నీ ఆ రెండో రకం బొమ్మలే.

అమీర్‌పేట సంగతి మీకు వేరే చెప్పాలా? మైత్రీవనం చుట్టూ ఉన్న జెరాక్స్ షాపుల్లో ఒకప్పుడు ఫ్యాకల్టీ చేతిరాత నోట్స్ దొరికేవి. రెండేళ్ల క్రితం బ్యాచ్ వాళ్ల నోట్స్ అడిగి మరీ కొనుక్కునేవారు. ఇప్పుడు ఒక పీడీఎఫ్ వాట్సాప్ గ్రూపులో పడితే సాయంత్రానికి ఎస్‌ఆర్ నగర్ హాస్టళ్లన్నీ తిరిగొస్తుంది. సూర్యాపేట నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చి, ఇంట్లోవాళ్లు అప్పుచేసి కట్టిన ఫీజుతో చదువుకునే పిల్లలు దాన్నే నమ్ముకుంటారు. సార్ ఇచ్చిన మెటీరియల్‌లో తప్పుంటుందని వాళ్లు అనుకోరు. తమకే అర్థం కావట్లేదని అనుకుంటారు. ఆ పిల్లలకు నిద్ర ఉండదు, ఇంటర్వ్యూ అంటే టెన్షన్. దానికి కారణం మనం రెండు నిమిషాల్లో చేయించిన ఒక బొమ్మ అయితే అది చాలా అన్యాయం.

ఆ చేతిరాత నోట్స్‌లో తప్పులు లేవా అని అడుగుతారు. ఉన్నాయి. జావాలో కలెక్షన్ కిందికి రాని మ్యాప్‌ను దాని కింద పెట్టి గీసిన నోట్స్ ఏళ్ల తరబడి తిరిగాయి. కానీ ఆ తప్పు వెనక ఒక మనిషి ఉన్నాడు. “ఎందుకు అక్కడ పెట్టారు సార్?” అంటే ఒక కారణం చెప్తాడు, ఆ కారణం దగ్గర దొరికిపోతాడు. ఒకసారి సరిచేస్తే తప్పు పోతుంది. ఏఐ బొమ్మను మళ్లీ అడిగితే ఆ తప్పు పోయి, ఇంకెక్కడో కొత్త తప్పు వస్తుంది.

బోర్డు మీద గీసేటప్పుడు ఇంకో మేలుంది. బొమ్మ ఒక వరసలో పుడుతుంది. రెండు కంప్యూటర్లు మాటలు మొదలుపెట్టే ముందు టీసీపీ పద్ధతిలో చేసుకునే పలకరింపునే తీసుకోండి. ముందు క్లయింట్, తర్వాత సర్వర్. సిన్ వెళ్లింది. సిన్-ఆక్ వచ్చింది. చాక్‌పీస్ పట్టుకుని అక్కడ ఒక్క క్షణం ఆగి “ఇప్పుడు ఎవరి వంతు?” అని అడుగుతాం. క్లాసంతా “ఆక్” అంటుంది. ఆ ఆగడంలోనే పాఠం ఉంది. ఒక్కసారిగా తెర మీద పడే బొమ్మకు ముందూ వెనకా ఉండదు, పిల్లలకు అడగడానికి సందూ దొరకదు.

కాబట్టి నేను మీ అందరినీ అడిగేది ఒక్కటే. మీరు చూడకుండా బోర్డు మీద గీయలేని డయాగ్రమ్‌ను మీ మెటీరియల్‌లో పెట్టకండి. ప్రతి బాణం దగ్గరా ‘ఇది ఇటే ఎందుకు’ అంటే జవాబు మీ నోటి నుంచి రావాలి.

టైమ్ లేదంటారు. నిజమే. నెలకో కొత్త టూల్ వస్తోంది, సిలబస్ మారుతోంది, స్లైడ్లు మెరవాలని మేనేజ్‌మెంట్ ఒత్తిడి. ఏఐని వాడొద్దని నేను అనను. బొమ్మ అడగకుండా, బొమ్మకు రాత అడగండి. మెర్మెయిడ్, ప్లాంట్‌యూఎంఎల్, గ్రాఫ్‌విజ్ ఉన్నవి ఇందుకే. ఏది దేనికి కలుస్తుందో లైన్‌కి ఒకటి చొప్పున రాస్తే అవే గీస్తాయి. కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైట్‌లో 2022 నుంచి మెర్మెయిడ్ నేరుగా కనిపిస్తుంది. ఏఐ ఇచ్చిన రాతలోనూ తప్పు ఉండొచ్చు. కానీ అది ఒక లైన్‌లో ఉంటుంది, చదవొచ్చు, ఆ లైన్ ఒక్కటీ మార్చొచ్చు, ఎవరు ఎప్పుడు మార్చారో చరిత్రలో ఉంటుంది.

అనుమానం వస్తే అసలు సాఫ్ట్‌వేర్‌నే అడగండి. జావాలో నంబర్ ఫార్మాట్ ఎక్సెప్షన్ క్లాస్ తీసుకుని ఒక క్లాస్‌కు పైన ఏముందో చెప్పే గెట్ సూపర్‌క్లాస్‌ను పిలుస్తూ పైకి వెళ్లండి. ఇల్లీగల్ ఆర్గ్యుమెంట్, రన్‌టైమ్, ఎక్సెప్షన్, త్రోయబుల్ వరసగా వస్తాయి, మధ్యలో ఎర్రర్ ఎక్కడా తగలదు. గిట్‌లో బాణం ఎటు అని గొడవ వస్తే క్యాట్-ఫైల్ కమాండ్‌తో కమిట్‌ను, అంటే గిట్‌లో దాచిన ఒక మార్పును, తెరిచి చూడండి. లోపల పేరెంట్ అని ఒక లైన్ ఉంటుంది. రెండు బ్రాంచ్‌లను కలిపిన మెర్జ్ కమిట్ అయితే రెండుంటాయి, మొట్టమొదటి కమిట్‌కు అసలుండదు. అంటే కొత్త కమిట్ పాతదాన్ని చూపిస్తుంది. పాతదానికి తన తర్వాత ఏమొచ్చిందో తెలియదు. ఇది పిల్లల చేత చేయించండి. ఒక్కసారి వాళ్ల కళ్లతో చూస్తే ఆ తర్వాత తప్పు బాణాన్ని వాళ్లే పట్టుకుంటారు.

ఇన్‌స్టిట్యూట్లు నడిపేవాళ్లు కూడా ఇక్కడున్నారు. మిమ్మల్ని రెండు అడుగుతాను. ప్రతి డయాగ్రమ్ కింద ఎవరు గీశారో, ఏ వెర్షన్‌కు గీశారో, ఎప్పుడు చూసి సరిపోల్చారో రాయించండి. తప్పు దొరికినప్పుడు గుట్టుగా ఫైల్ మార్చేసి ఊరుకోకండి. అదే వాట్సాప్ గ్రూపులో, వెళ్లిపోయిన బ్యాచ్‌లకు కూడా, ఏ పేజీలో ఏ బాణం తప్పో చెప్పండి. వాళ్లలో కొందరు ఇప్పటికే ఉద్యోగాల్లో చేరి, ఆ బొమ్మనే తమ కింద చేరినవాళ్లకు చూపిస్తూ ఉంటారు.

నా మాటలు ఇక్కడితో ఆపుతాను. ఇంకా గంట టైమ్ ఉంది, బోర్డు ఉంది. మీ మెటీరియల్ ప్రింట్లు తెచ్చుకోమని ముందే చెప్పారు కదా, బయటికి తీయండి. పక్కనున్నవాళ్లతో మార్చుకోండి. గిట్ పాఠంతో మొదలుపెడదాం. ముందుగా హాట్‌ఫిక్స్ నుంచి వెళ్లే రెండో బాణం ఎవరి బొమ్మలో ఉందో, ఎవరి దాంట్లో లేదో వెతకండి.