ఫోన్-ఇన్: ఎయిర్‌పోర్టు స్కానర్‌లో మన ఒళ్లు ఎంతవరకు కనిపిస్తుంది?

వ్యాఖ్యాత: నమస్కారం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల శ్రోతలకు స్వాగతం. ఈ రోజు విమానాశ్రయాల్లో తనిఖీ గురించి, ముఖ్యంగా బాడీ స్కానర్ల గురించి మాట్లాడుకుందాం. విమానాశ్రయ భద్రతలో చాలాకాలం పనిచేసి రిటైరైన అధికారి స్టూడియోలో ఉన్నారు. లైన్లు అప్పుడే నిండిపోయాయి. మొదటి కాల్ ఆమదాలవలస నుంచి. చెప్పండి.

కాలర్: నమస్తే సార్. నాకు రెండు మోకాళ్లూ మార్చారు. గేటులోంచి వెళ్తే కూత పెడుతుంది. డాక్టర్ కాగితం చూపిస్తే వదిలేస్తారా?

అధికారి: వదలరండీ. కాగితం వల్ల కారణం తెలుస్తుంది, అంతే. చేత్తో తడిమి చూడటం తప్పదు. మీరు చెయ్యాల్సింది ఒక్కటే: గేటులో అడుగు పెట్టకముందే చెప్పండి. కూసిన తర్వాత చెబితే అది సంజాయిషీలా ఉంటుంది. అదే బాడీ స్కానర్ అయితే మీకు ఈ తిప్పలు లేవు. దాని తరంగాలు బట్టలు దాటతాయి గానీ చర్మం దాటవు. మోకాలి లోపల ఏముందో దానికి తెలియదు.

వ్యాఖ్యాత: థాంక్యూ అండీ. తర్వాత నరసన్నపేట నుంచి. హలో?

కాలర్: అలో... బాబూ, ఇనబడతందా?

వ్యాఖ్యాత: వినిపిస్తోందమ్మా. రేడియో కొంచెం తగ్గించండి.

కాలర్: తగ్గించీసినాను బాబూ. మా గుంట అమెరికాలో ఉంది. రెండో కానుపు. మొదటిదానికి మా వియ్యపురాలు ఎల్లింది, ఈపాలి నానెల్లాల. మా ఇంటాయన రాడు, పొలం ఎవులు సూత్తారు? నానొక్కద్దాన్నే ఎల్తన్నాను. ఐదరాబాదులో ఎక్కి, దుబాయిలో దిగి, అక్కడ ఇంకోటెక్కాలట. మా వీధిలో ఒకావిడ ఎల్లొచ్చింది. అక్కడొక గాజుగదిలో నిలబెట్టి సేతులు పైకెత్తమంతారట, బట్టల్లేకండా బొమ్మ పడతాదట. అప్పట్నించీ నాకు నిద్దర పట్టట్లేదు. నిజమేనేటి బాబూ?

అధికారి: అమ్మా, ముందు ఒక మాట. అడగడానికి సిగ్గుపడాల్సిన ప్రశ్న కాదిది. ఒకప్పుడు అది నిజమే. 2009 క్రిస్మస్ రోజున ఆమ్‌స్టర్‌డామ్ నుంచి డెట్రాయిట్ వెళ్లే విమానంలో ఒకడు లోదుస్తుల్లో పేలుడు మందు కుట్టుకుని ఎక్కాడు. అదృష్టం, అది సరిగా పేలలేదు. మెటల్ గేటు ఇనుము, ఇత్తడి లాంటివే పట్టుకుంటుంది, పొడి మందుని పట్టుకోలేదు. దాంతో అమెరికాలో ఈ స్కానర్లు పెద్ద సంఖ్యలో పెట్టారు. వాటిల్లో ఒక రకం ఎక్స్-రేతో పనిచేసేది. దాంట్లో ఒంటి ఆకారం మొత్తం తెలిసిపోయేది. వేరే గదిలో కూర్చున్న మనిషి ఆ బొమ్మలు చూసేవాడు. జనం తిరగబడ్డారు, కోర్టుకెళ్లారు. చివరికి అక్కడి పార్లమెంటు 2012లో చట్టం చేసింది, ఒంటి బొమ్మ చూపించే యంత్రాలు ఉండకూడదని. ఆ ఎక్స్-రే రకం గడువులోగా మారలేకపోయింది. 2013లో పీకేశారు.

కాలర్: పీకీసినారా? మరి ఇప్పుడు నిలబెట్టేదేటి?

అధికారి: అది వేరే రకం, మిల్లీమీటర్ తరంగాలది. ఎక్స్-రే కాదు. అందులో కంప్యూటరే చూస్తుంది. తెర మీద పలక మీద పిల్లలు గీసిన మనిషి బొమ్మ లాంటిది ఒకటి వస్తుంది. ఎక్కడైనా తేడా ఉంటే అక్కడ చిన్న పసుపు గడి పడుతుంది. ఏమీ లేకపోతే వెళ్లమంటుంది.

కాలర్: అదే బాబూ, బొమ్మొత్తాది గదా. ఎవులు సూత్తారు?

అధికారి: మీ బొమ్మ కాదమ్మా. అందరికీ అదే బొమ్మ. మీకూ అదే, నాకూ అదే. పక్కనే తెర ఉంటుంది, మీరు కూడా చూడొచ్చు.

వ్యాఖ్యాత: అమ్మా, ఇంకా కాలర్లు...

అధికారి: ఉండండి, ఆవిడ ఒక్కరే అంత దూరం వెళ్తున్నారు. అడగనివ్వండి.

కాలర్: కోక ఇప్పమంతారా బాబూ?

అధికారి: అనరమ్మా. కానీ ఒకటి చెబుతాను, గుర్తుపెట్టుకోండి. చీర మడతలు దళసరిగా ఉంటే, పిన్నీసులు ఎక్కువుంటే, ఆ చోట గడి పడుతుంది. కొప్పు పెద్దగా ఉన్నా పడుతుంది. రొంటిన డబ్బు మూట పెట్టుకున్నా, రవికలో చిన్న పర్సు దోపుకున్నా తప్పకుండా పడుతుంది. అవి పెట్టుకుంటారా మీరు?

కాలర్: మరి డబ్బెక్కడ పెట్టుకోవాల?

అధికారి: చేతిసంచిలో. తనిఖీకి ముందే తీసి సంచిలో వేసి, జిప్పు వేసెయ్యండి. జడ వేసుకుని వెళ్లండి, కొప్పు వద్దు. పిన్నీసులు ఒకటి రెండు చాలు.

కాలర్: మెట్టెలు తియ్యను బాబూ. నల్లపూసలూ తియ్యను.

అధికారి: తియ్యొద్దు. నల్లపూసలున్నాయని, మెట్టెలున్నాయని వేలితో చూపించి ముందే చెప్పండి. గేటు దాటాక కాదు, ముందే. మహాయైతే ఆడమనిషి చేత్తో తడిమి చూస్తుంది.

కాలర్: ఆడమనిషేనా?

అధికారి: మన దేశంలో ఆడవాళ్లని ఆడ సిబ్బందే చూస్తారు, తెర కట్టిన చోట. అమెరికాలో కూడా ఆడవాళ్లకి ఆడ ఆఫీసరే. విడిగా గదిలో చూడమని అడిగే హక్కు మీకుంది, తోడుగా ఉన్న మనిషిని ఆ గదిలోకి తీసుకెళ్లొచ్చు కూడా. అసలు అమెరికాలో ఆ యంత్రంలోకి వెళ్లను, చేత్తోనే చూడండి అని కూడా అనొచ్చు. ఏ కొద్దిమందినో తప్ప ఒప్పుకుంటారు. మీ అమ్మాయి ఉండే ఊరికి అక్కడ దిగాక ఇంకో విమానం మారాలా?

కాలర్: మారాలంటంది బాబూ.

అధికారి: అయితే అక్కడ మళ్లీ తనిఖీ ఉంటుంది. మీకు ఇంగ్లీషు రాదు కాబట్టి, మీ అమ్మాయి చేత ఒక కాగితం మీద రాయించుకోండి: "నాకు ఇంగ్లీషు రాదు. ఆడ ఆఫీసరు కావాలి. విడిగా గదిలో చూడండి." పాస్‌పోర్టులోనే పెట్టుకోండి.

కాలర్: రాయించుకుంతాను. అయితే బాబూ... బట్టల్లేకండా కనపడను గదా?

అధికారి: కనపడరమ్మా. నిశ్చింతగా వెళ్లి మనవడినో మనవరాలినో ఎత్తుకోండి.

కాలర్: సల్లగుండు బాబూ.

వ్యాఖ్యాత: థాంక్యూ అమ్మా. పలాస.

కాలర్: సార్, ఆవకాయ సీసా చేతిసంచిలో...

అధికారి: ఈ రోజు విషయం అది కాదండీ. పచ్చళ్లు చేతిసంచిలో వద్దు, కిందకి వేసే పెట్టెలో పెట్టండి. అంతే.

వ్యాఖ్యాత: శ్రీకాకుళం నుంచి ఒక విద్యార్థి.

కాలర్: సార్, ఇందాక మీరు కంప్యూటరే చూస్తుందన్నారు. కానీ లోపల అసలు బొమ్మ తయారవుతుంది కదా? అది దాచుకోరని నమ్మకం ఏమిటి?

అధికారి: మంచి ప్రశ్న. నేను యూనిఫాం వేసుకున్నవాణ్ని, అయినా ఈ విషయంలో నేను ప్రయాణికుడి పక్షమే. మాట ఇస్తే చాలదు. అమెరికాలో ఏం జరిగిందో చూడండి. యంత్రాలు బొమ్మలు దాచుకోవని ప్రభుత్వం చెప్పింది. ఎపిక్ అనే సంస్థ సమాచార హక్కు కింద కాగితాలు బయటికి తీయించింది. చూస్తే, పరీక్షల కోసం బొమ్మ దాచే, పంపే సౌకర్యం యంత్రంలో ఉండాలని అక్కడి విమానాశ్రయ భద్రతా శాఖే కొనుగోలు పత్రాల్లో రాసుకుంది. 2010లో ఇంకొకటి బయటపడింది: ఫ్లోరిడాలో ఒక కోర్టు భవనం గుమ్మం దగ్గర పెట్టిన స్కానర్‌లో 35,000 బొమ్మలు నిల్వ ఉన్నాయి. అది ఎయిర్‌పోర్టు కాదు, కానీ దాచుకోగలదని రుజువైంది కదా.

కాలర్: మన దేశంలో సార్?

అధికారి: 2019లో పౌర విమానయాన భద్రతా బ్యూరో, అంటే బీసీఏఎస్, 84 విమానాశ్రయాల్లో మెటల్ గేట్ల బదులు స్కానర్లు పెట్టమంది. 2020 మార్చి గడువు. ఆ గడువు దాటిపోయింది. 2025లో ఢిల్లీలో ట్రయల్ మొదలైంది. అక్కడా మామూలు మనిషి బొమ్మే చూపిస్తుంది, నిల్వ చేయదు అని ప్రకటించారు. మంచిదే. కానీ 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని చెప్పింది. కాబట్టి "నిల్వ చేయదు" అనేది కంపెనీ మాటగా ఉండకూడదు, నియమంగా రాసి ఉండాలి. బయటి నిపుణులు యంత్రం విప్పి చూసి చెప్పాలి. మీలాంటి కుర్రాళ్లు ఇది అడుగుతూనే ఉండాలి.

కాలర్: మరి భద్రత తగ్గిపోదా సార్?

అధికారి: ఎందుకు తగ్గుతుంది? యూరప్ 2011లోనే ఎక్స్-రే రకం వద్దంది, ఆరోగ్యం దృష్ట్యా. అమెరికా మర్యాద కోసం సాఫ్ట్‌వేర్ మార్పించింది. స్కానర్ పని ఆగలేదు. జనం గొడవ చేశారు కాబట్టే యంత్రం మెరుగైంది. ఊరుకుని ఉంటే ఈ రోజుకీ పక్కగదిలో ఎవడో చూస్తూ ఉండేవాడు.

వ్యాఖ్యాత: బొబ్బిలి నుంచి. హలో, కొంచెం గట్టిగా మాట్లాడండి.

కాలర్: ...గట్టిగా మాట్లాడలేనండీ, ఇంట్లో అందరూ ఉన్నారు. నాకు క్యాన్సర్ ఆపరేషన్ అయ్యింది. ఒక పక్క... లోపల ప్యాడ్ పెట్టుకుంటాను. వచ్చే నెల ఢిల్లీ వెళ్లాలి. తడిమినప్పుడు ఏమంటారోనని.

అధికారి: తల్లీ, అర్థమైంది. ఇంకేం చెప్పక్కర్లేదు. స్కానర్ అయితే అక్కడ గడి పడొచ్చు, చేత్తో చూసినా తేడా తెలియొచ్చు. తెర కట్టిన చోటికి వెళ్లగానే, ఆవిడ చెయ్యి వెయ్యకముందే, ఆపరేషన్ అయ్యింది, ప్యాడ్ ఉందని మెల్లగా చెప్పండి. డాక్టర్ చీటీ చేతిలో పట్టుకోండి. బయట క్యూలో అందరి ముందూ చెప్పనక్కర్లేదు.

కాలర్: తీసి చూపించమంటే?

అధికారి: తియ్యనని చెప్పండి. గొంతు పెంచక్కర్లేదు. పై అధికారిని, ఆడవాళ్లనే, పిలవమనండి. విమానం ఎక్కనివ్వరేమోనన్న భయంతో మనవాళ్లు అన్నిటికీ తలూపేస్తారు. నర్తకి, నటి సుధా చంద్రన్ గారికి కృత్రిమ కాలు. వెళ్లిన ప్రతిసారీ ఆ కాలు తియ్యమంటున్నారని 2021లో ఆవిడ వీడియో పెట్టి అడిగితే, విమానాశ్రయాల్లో తనిఖీ చేసే కేంద్ర దళం సీఐఎస్‌ఎఫ్ క్షమాపణ చెప్పింది. అంత పేరున్న ఆవిడే నోరు తెరవాల్సి వచ్చింది. మీరూ తెరవండి. ఒక గంట ముందుగా వెళ్లండి, హడావిడి ఉండదు.

కాలర్: సరేనండీ. చాలా... థాంక్సండీ.

వ్యాఖ్యాత: ఇచ్ఛాపురం, చెప్పండి. హలో? హలో... లైన్ కట్ అయింది. విజయనగరం నుంచి చివరి కాల్. త్వరగా అడగండి.

కాలర్: సార్, విశాఖ ఎయిర్‌పోర్టులో ముఖం చూసి లోపలికి పంపే డిజీయాత్ర ఉంది కదా, అది తప్పనిసరా?

అధికారి: కాదు. విశాఖలో 2024 సెప్టెంబరులో వచ్చింది. ఇష్టమైతేనే. ముఖం ఇవ్వడం ఇష్టం లేకపోతే టికెట్టు, ఆధార్ చూపించి మామూలు గుమ్మంలోంచి వెళ్లండి. గుమ్మం దగ్గర ఎవరైనా మీ ఫోను తీసుకుని "నేను చేసిపెడతాను" అంటే ఇవ్వకండి. మీకు తెలియకుండా మీ ముఖం తీసుకునే హక్కు ఎవరికీ లేదు. వద్దనుకుంటే మాత్రం, కెమెరా ముందు నిలబడకముందే...

వ్యాఖ్యాత: ముందే చెప్పాలి. టైమ్ అయిపోయింది సార్, చాలా థాంక్స్. లైన్ దొరకని శ్రోతలు క్షమించాలి. వచ్చే వారం ఇదే సమయానికి పంటల బీమా గురించి మాట్లాడుకుందాం. నమస్కారం.