తురుపు ఏదో తెలియని బల్ల దగ్గర

అందరికీ నమస్కారం. వేరే సంస్కృతుల వాళ్లతో ఎలా మాట్లాడాలో నేర్పమంటే మనం ఎక్కువగా చేసేది ఒకటే. జపాన్ వాళ్లు వంగి నమస్కరిస్తారు, జర్మన్లు టైముకి వస్తారు అని స్లైడ్లు వేస్తాం. ఇంకాస్త ఉత్సాహముంటే ఒకరికి కిమోనో తొడిగి స్కిట్ వేయిస్తాం. చప్పట్లు బాగానే పడతాయి. పిల్లలకు అబ్బేది మాత్రం ఎదుటివాళ్లను అనుకరించడమే.

దీనికి నాకు తెలిసిన మంచి విరుగుడు ఒక పేకాట. పేరు బార్న్‌గా. మన దేశం నుంచి వెళ్లి అమెరికాలో స్థిరపడ్డ శివశైలం త్యాగరాజన్ 1980లో లైబీరియాలో పనిచేస్తున్నప్పుడు దీనికి బీజం పడింది. ఆసు నుంచి ఏడు దాకా మొత్తం 28 ముక్కలు చాలు. బల్లకు నలుగురైదుగురు. కాగితం మీది నిబంధనలు చూసుకుని కాసేపు ఆడాక కాగితాలు తీసేస్తారు. ఆపైన నోరు విప్పకూడదు, అక్షరం రాయకూడదు. సైగలు చేయొచ్చు, బొమ్మలు గీయొచ్చు. రౌండ్ అయ్యాక గెలిచినవాళ్లు పై బల్లకు, ఓడినవాళ్లు కింది బల్లకు మారతారు. ఒక్కో బల్లకు నిబంధనలు వేరని మాత్రం ఎవరికీ చెప్పరు. ఒకచోట ఆసు పెద్దది, ఇంకోచోట చిన్నది. ఒకచోట ఇస్పేటు తురుపు, పక్కన డైమను, ఆ పక్కన అసలు తురుపే లేదు.

కొత్త బల్లకు వచ్చినావిడ ఆసు వేసి ధీమాగా ముక్కలు లాక్కోబోతుంది. ఏడు వేసినతనూ అప్పుడే చెయ్యి చాస్తాడు. ఆవిడ ఆసు మీద వేలితో టకటకా కొట్టి చూపిస్తుంది. అతను నవ్వేసి తల అడ్డంగా ఊపుతాడు. తొండి ఆడుతున్నాడని ఆవిడ, పాపం ఆట రాదని అతను. చివరికి తగ్గేది ఆవిడే, ఆ బల్ల దగ్గర ఆవిడ ఒక్కతే కాబట్టి. పూర్తిగా వేరే ఆటైతే ఇద్దరూ జాగ్రత్తపడేవాళ్లు. తేడా చిన్నది కావడంతోనే చిక్కంతా.

బెల్లు కొట్టారని అక్కడితో వదిలేస్తే పిల్లలు ఉత్తినే పేకాడినట్టు. ఆటకు ఇచ్చినంత టైము మాటలకూ ఇవ్వండి. "ఎదుటి మనిషి గురించి అప్పుడేమనుకున్నారు?" అని అడగండి. "ఏం నేర్చుకున్నారు?" అని మొదట్లోనే అడిగితే బట్టీ జవాబులే వస్తాయి.

ఇక నాటకం. బ్రెజిల్ దర్శకుడు అగస్టో బోల్ రూపొందించిన ఫోరం థియేటర్‌లో ప్రేక్షకుడు ఆట ఆపించి, తానే పాత్రలోకి దిగుతాడు. ఒక సన్నివేశం తీసుకుందాం. "శుక్రవారానికి అవుతుందా?" అని కాల్‌లో అమెరికా మేనేజరు అడిగితే హైదరాబాద్ ఇంజినీరు "ట్రై చేస్తాను" అంటుంది. కుదరదని మర్యాదగా చెప్పాననుకుంటుంది. అతను అయిపోతుందని రాసుకుంటాడు. అక్కడ ఆపి, ఆ అమ్మాయి స్థానంలోకి ఒక్కొక్కరినీ పిలవండి. మేనేజరు వేషం వేసినవాళ్లు తేలిగ్గా మెత్తబడకూడదు.

బోల్ పద్ధతిలో ప్రేక్షకుడు అణచివేతకు గురైన పాత్రలోకే దిగాలి. అణచివేసేవాడి పాత్రలోకి దిగి సమస్య తీర్చేయడం కుదరదు. మన క్లాసులో ఆ నియమం సడలించాలంటాను. మేనేజరు కుర్చీలోనూ పిల్లలు కూర్చోవాలి. ఆ కుర్చీలో ఉండి "ట్రై చేస్తాను" విన్నప్పుడు ఇంకేం అడగాలో వాళ్లనే వెతుక్కోనివ్వండి.