ఫ్లడ్ అంటే ఒక్క వరదేనా?

అందరికీ నమస్కారం.

అమలాపురంలో నిలబడి మీకు గోదారి గురించి చెప్పేంతవాణ్ణి కాదు. ఫ్లడ్ అనే ఇంగ్లీషు మాట గురించి చెబుతాను. దానికి తెలుగు అడిగితే క్లాసంతా "వరద" అంటుంది. తప్పు కాదు. కానీ గోదారి పాయల మధ్య దీవిలో, అంటే లంకలో పుట్టినవాడిగా నాకు అది చాలదు.

ఫ్లడ్ మాట ఫ్లో అనే మాటకి చుట్టం. అందులో పారడం ఉంది. ఎగువన వానలు పడి, నీళ్లు భద్రాచలం దాటి దిగి, ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అది ఫ్లడ్. 1986 ఆగస్టులో ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది, ఏటిగట్లకి గండ్లు పడ్డాయి.

ఆ నీళ్లు చేలో వారం నిలిచిపోతే రైతు వరద అనడు, ముంపు అంటాడు. ఇంగ్లీషులో ఇనండేషన్. గట్టు బాగానే ఉండి, వాన నీరే డ్రెయిన్లోకి దిగక వరి కుళ్లిపోతే అది వాటర్‌లాగింగ్. ఈ తేడా నాకు దెబ్బ తగిలాకే తెలిసింది. ఓ ఏడాది మా అరటి తోటల నష్టం గురించి ఇంగ్లీషులో అర్జీ రాస్తూ ఫ్లడ్ అని ఊరుకున్నాను. నీళ్లు వచ్చి పోయాయనుకున్నారు. నిలిచి చెట్ల వేళ్లు కుళ్లాయని నా అర్జీలో ఎక్కడా లేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

డెల్యూజ్ అంటే కడిగిపారేసే నీరు. నోవహు ఓడ కథలోని జలప్రళయానికి వాడే మాట, మోకాలి లోతుకి వాడకండి. విరాళాలు ఫ్లడ్‌లా వచ్చాయని ఇంగ్లీషులో అంటే, మనం వెల్లువెత్తాయంటాం.

ఉప్పెన సంగతి వేరు. అది సముద్రం చేసే పని, స్టార్మ్ సర్జ్. 1839లో కోరంగి రేవుని ముంచింది అదే. వరద తీశాక చేలో ఒండ్రు మిగులుతుంది, ఉప్పెన తీశాక ఉప్పు మిగులుతుంది. రెండింటినీ ఫ్లడ్ అని రాసే పేపరువాళ్లని చూస్తే నాకు కోపం వస్తుంది.

ఇంకొకటి. సముద్రం పోటు మీద ఉన్నా ఇంగ్లీషువాళ్లు ఫ్లడ్ టైడ్ అంటారు. తగ్గితే ఎబ్, మన ఆటు. గోదారి సముద్రంలో కలిసే అంతర్వేది వైపు వరద రోజుల్లో పెద్దవాళ్లని అడగండి, "వరద దిగింది గానీ పోటు మీదుంది, ఆటు వస్తేగానీ నీరు లాగదు" అంటారు. ఈ వాక్యాన్ని ఇంగ్లీషు చేస్తే ఫ్లడ్ రెండుసార్లు వస్తుంది. ఒకటి నదిది, ఒకటి సముద్రానిది.