సార్డీనియా కాపరుల నూరేళ్లు, మా నాన్నగారి వైను గ్లాసు

వ్యాఖ్యాత: తరువాతి ఫోను ఖమ్మం నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారం డాక్టర్‌గారూ. మా నాన్నగారికి 76 ఏళ్లు, షుగరుకు మాత్రలు వాడుతున్నారు. ఇటలీలో ఎర్ర వైను తాగి నూరేళ్లు బతుకుతారని ఎక్కడో చదివారట. ఎన్నడూ మందు ముట్టని మనిషి, ఇప్పుడు రోజూ రాత్రి ఒక గ్లాసు తాగుతున్నారు. వద్దంటే కోపం.

డాక్టర్: ఆయన చదివింది సార్డీనియా దీవి సంగతి అయి ఉంటుందమ్మా. నూరు దాటిన వాళ్లలో ఎక్కడైనా ఆడవాళ్లే చాలా ఎక్కువ. అక్కడి ఓల్యాస్ట్రా కొండ ఊళ్లలో మాత్రం మగవాళ్లూ దాదాపు సమానంగా ఉన్నారని జాన్ని పెస్, మిషెల్ పులాన్ అనే పరిశోధకుల బృందం 2004లో వెల్లడించింది. మ్యాపు మీద ఆ ఊళ్లను నీలి సిరాతో గుర్తుపెట్టుకున్నారు. ఎక్కువ కాలం బతికేవాళ్లు ఎక్కువగా ఉండే చోటుకు 'బ్లూ జోన్' అన్న పేరు అలా వచ్చిందే. కన్నొనావు అనే ఎర్ర వైను అక్కడ తాగుతారు, నిజమే. కానీ ఆ తాతలు గొర్రెల కాపరులు. పెస్ తరువాత పరిశీలిస్తే, మగవాళ్ల దీర్ఘాయువుతో ముడిపడి కనిపించినవి గొర్రెల పెంపకం, నేల ఏటవాలు, పనికి నడిచే దూరం. ఉత్తర ఇటలీలో 117 ఏళ్లు బతికిన ఎమ్మా మొరానో రోజూ పచ్చి గుడ్లు తినేవారు. అంతమాత్రాన మనం పచ్చి గుడ్లు మొదలుపెట్టకూడదు కదా! సరే, నాన్నగారికి రోజు ఎలా గడుస్తుంది?

శ్రోత: ఇదివరకు పొద్దున్నే పాలు, కూరగాయలు ఆయనే తెచ్చేవారు. పోయిన వానాకాలంలో మెట్ల మీద జారారు. పెద్ద దెబ్బేమీ కాదు. అయినా భయంతో నేనే మాన్పించాను. వరండాలో కుర్చీ వేశాం. సంచి కూడా దాచిపెట్టాను.

డాక్టర్: ఎక్కడ?

శ్రోత: బీరువా పైన... ఆయనకు అందదు.

డాక్టర్: మీ భయం నాకు అర్థమైంది. కానీ ఆ సంచి కిందికి దించండమ్మా. కూర్చున్న కొద్దీ కాళ్లలో బలం పోతుంది, పడే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. మెట్లకు పట్టుకునే కమ్మీ పెట్టించండి, జారని చెప్పులు కొనండి. కళ్లు చూపించండి, నిలబడినప్పుడు బీపీ పడిపోతోందేమో కొలిపించండి. మొదటి వారం ఎవరైనా వెంట వెళ్లండి. వైను మాత్రం ఆపాల్సిందే. కొన్ని షుగరు మాత్రలకు మద్యం తోడైతే రాత్రి వేళ షుగరు ప్రమాదకరంగా పడిపోతుంది. కోప్పడితే నా పేరు చెప్పండి.

శ్రోత: బజారుకు వెళితే అందరితో మాట్లాడుతూ గంట దాకా రారు.

డాక్టర్: రానివ్వండి. సార్డీనియాలో పలకరింపే 'నూరేళ్లు ఉండు' అని. ఆ గంటసేపు ఆయనను పలకరించే వాళ్లు ఉంటారు.

శ్రోత: ఇప్పుడే సంచి దించుతాను డాక్టర్‌గారూ.